టైరు లావైతే కారు పరిగెత్తుద్దా?

సూళ్లూరుపేట దగ్గర హైవే పక్కన ఒక్క అరగంట నిలబడండి. కార్ల రంగులు, కంపెనీలు వదిలేసి చక్రాలు మాత్రం చూడండి. పల్చటి చిన్న కారు, దానికి మడ్‌గార్డులోంచి బయటికి తోసుకొచ్చిన లావుపాటి టైర్లు. స్టీరింగు తిప్పినప్పుడల్లా లోపలి ప్లాస్టిక్ గీరుకుంటున్న చప్పుడు రోడ్డు మీద మనకి వినబడుద్ది గానీ తోలేవాడికి వినబడదు. పాటలు అంత గట్టిగా పెట్టుకుని ఉంటాడు. టైర్ల షాపుకు పోతే అక్కడి పిల్లోడు అడిగే మొదటి మాట, "ఎంత లావు వేద్దాం సార్?" కారు బరువెంత, ఎక్కడ తోలతారు, ఏం పనికి అనే ప్రశ్నలు వాడి నోట రావు.

మా రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. దొరికింది వేసుకునేవాళ్ళం. అంబాసిడర్‌కు 5.90-15, ఫియట్‌కు 5.20-14, హెరాల్డ్‌కు 5.20-13, అంతే. అప్పట్లో టైరు మీద లెక్కంతా అంగుళాల్లోనే. 5.20 అంటే వెడల్పు ఐదుంపావు అంగుళాల లోపు, ఇప్పటి భాషలో 132 మిల్లీమీటర్లు. టన్ను పైన బరువుండే అంబాసిడర్ 150 మిల్లీమీటర్ల టైరు మీద ఆరుగురిని, డిక్కీలో బియ్యం మూటను, పైన పరుపుచుట్టను వేసుకుని నెల్లూరు పోయి వచ్చేది. ఇప్పుడు టన్ను కూడా తూగని స్విఫ్టుకు కంపెనీవాళ్ళే 185 ఇస్తున్నారు. అది చాల్లేదని మనవాడు 205 అడుగుతాడు.

నాది సూళ్లూరుపేటలో జీఎన్‌టీ రోడ్డు మీద చిన్న షెడ్డు. 2022లో మా ఊరిని తీసుకుపోయి తిరుపతి జిల్లాలో పెట్టారు గానీ పులికాట్ గాలి పీల్చి పెరిగినోళ్ళం, మేం ఇంకా నెల్లూరోళ్ళమే. ఇంట్లో పులుసు మారనప్పుడు జిల్లా ఎట్టా మారుద్ది? సరే, అది వేరే గొడవ.

షెడ్డు పెట్టిన కొత్తల్లో టైరంటే ఇంటి సొత్తు. బటను అరిగిపోతే రీబటన్ వేయించేవాళ్ళం. అది కూడా అరిగితే చేపల బండికి పోయేది. బండి మీద కూడా అరిగాక చెప్పులు కుట్టే ఆయన కోసుకుపోయేవాడు. ట్యూబుకు వేసిన పాచీలను లెక్కపెట్టి ఆ కారు వయసు చెప్పేవాళ్ళం. రేడియల్ అనే మాట మన దేశంలో జేకే వాళ్ళు 1977లో తెచ్చారు. అది మా రోడ్డుకు దిగి, మా చేతికి అందేసరికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా అంతా క్రాస్‌ప్లై. గట్టి గోడ, గుండ్రటి నడుము. మలుపులో టైరు ఒక పక్కకు, కారు ఇంకో పక్కకు పోయేవి.

ఆ టైర్ల మీదే రేసులు జరిగేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

మాకు మద్రాసు పోయే దారిలోనే చోళవరం. తడ, ఆరంబాకం, గుమ్మిడిపూండి దాటుకుని పోతే రెడ్ హిల్స్ రాకముందే తగులుద్ది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. యుద్ధం అయిపోయి విమానాలు పోయాక ఆ చోటును కార్లోళ్ళు పట్టుకున్నారు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది, దక్షిణాది రేసులకు దశాబ్దాల పాటు చోళవరమే గుడి. ఇప్పుడేమో అద్దంకి దగ్గర కొరిశపాడులో హైవేనే రన్‌వే చేసి, 2022 డిసెంబరులో దాని మీద యుద్ధ విమానాలను తిప్పి చూశారు. అప్పుడు రన్‌వే మీద కార్లు, ఇప్పుడు కార్ల రోడ్డు మీద విమానాలు. కాలం అంటే ఇట్టాగే ఉంటది మరి.

నేను అక్కడ గాలి కొట్టేవాణ్ణి. మద్రాసులో పనిచేసే మా అన్న స్నేహితుడు ఒక ఫియట్ జట్టుకు మెకానిక్కు, ఆయన సంచి మోయడానికి నన్ను పిలిచేవాడు. టైరు గురించి నాకు తెలిసిందంతా ఆ కాంక్రీటు మీద నేర్చుకున్నదే. పక్కనే తిరువొత్తియూరులో ఎంఆర్‌ఎఫ్, అంబత్తూరులో డన్‌లప్. అంత దగ్గర ఫ్యాక్టరీలు పెట్టుకుని కూడా రేసుకని ప్రత్యేకంగా టైరు దొరకడం అబ్బురంగా ఉండేది. ఎంఆర్‌ఎఫ్ వాళ్ళే 1946లో పిల్లలాడుకునే బెలూన్లతో మొదలుపెట్టి, 1961కి గానీ టైరు దాకా రాలేదు. మేం రోడ్డు టైర్లలోనే ఏరుకునేవాళ్ళం. అది కూడా కొత్తవి కాదు, సగం అరిగినవి. బటను ఎత్తుగా ఉంటే మలుపులో ఆ దిమ్మెలు అటూ ఇటూ ఊగి, రాసుకుని, వేడెక్కి చిట్లుతాయి. సగం అరిగినవి నిక్కచ్చిగా నిలబడతాయి. కొత్త టైరు వద్దని పాతది ఏరుకునే చోటును నేను అక్కడే చూశాను.

ఆ ఫియట్ మెకానిక్కు సుద్దముక్కతో ఒక పని చేసేవాడు. టైరు బటను అంచు నుంచి పక్కగోడ మీదికి అంగుళం దాకా అడ్డంగా తెల్లగా గీత గీసేవాడు, చుట్టూ మూడు చోట్ల. కారు ఒక రౌండు పోయి వచ్చాక మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీతను చూసేవాడు. బటను అంచు దాకా సుద్ద చెరిగిపోయి, పక్కగోడ మీద తెల్లగా మిగిలి ఉంటే గాలి సరిపోయినట్టు. గోడ మీద కూడా చెరిగిపోతే టైరు దొర్లిపోతోందని, గాలి చాల్లేదని. అంచు మీద కూడా సుద్ద అట్టాగే ఉంటే గాలి ఎక్కువై మధ్యలోనే నడుస్తోందని. తర్వాత అరచేయి పెట్టేవాడు. లోపలి అంచు, మధ్య, బయటి అంచు. చెయ్యి ఎక్కడ ఎక్కువసేపు పెట్టలేకపోతే అక్కడ పని ఎక్కువ జరుగుతున్నట్టు. ఇప్పుడు దానికి సూది గుచ్చి డిగ్రీలు చూపించే మీటర్లు వచ్చాయి, మంచివే. కానీ మీటరు కొన్నవాళ్ళలో ఎంతమంది మూడు చోట్లా గుచ్చి రాసుకుంటున్నారు? ఒక చోట గుచ్చి, ఫొటో తీసి, ఫోనులో పెట్టేస్తారు.

లావు టైరు పిచ్చి మాకు అసలు అంటలేదని అబద్ధం చెప్పను. దాన్ని తెచ్చింది విజయ్ మాల్యా. ఎన్‌సైన్ అని, ఒకప్పుడు ఫార్ములా వన్‌లో తిరిగిన కారును ఆయన చోళవరం తెచ్చి తోలాడు. దాని వెనక టైర్లు చూసిన మా కుర్రాళ్ళకు వారం పాటు నిద్ర లేదు. ఊరికి తిరిగొచ్చి, ఫియట్‌కు జీపు రిమ్ములు పెడితే ఎట్టుంటదని గుసగుసలు. కానీ ఆ కారు వెనకాల ఐదొందల గుర్రాల దాకా లాగే ఇంజను ఉంది. పైన రెక్కలున్నాయి, వేగం పెరిగేకొద్దీ గాలే ఆ కారును నేలకేసి అదుముద్ది. అంత బలం, అంత అదుము ఉంటే అంత రబ్బరు కావాలి. మన ఫియట్‌కు ఏం ఉందని?

తెలివైనవాళ్ళు ఇంకో దారి పట్టారు. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ తెలుగు కుటుంబంలోంచి వచ్చిన కరివర్ధన్, మారుతి 800 ఇంజను పెట్టి ఒంటి సీటు కారు తయారుచేశాడు. ఫార్ములా మారుతి అనేవాళ్ళు. ఇంజను చిన్నదైతే బండి కూడా తేలిగ్గా ఉండాలి, బండి తేలికైతే టైరు దానికి తగ్గట్టే ఉండాలి అనే వరస అది. బలం లేనిచోట బరువు తగ్గించుకోవడం తప్ప దారి లేదు. ఈ దేశంలో ఎంతమంది రేసర్లు ఆ బుల్లి కార్లలో చెయ్యి తిప్పుకున్నారో. తర్వాత ఫార్ములా వన్ దాకా పోయిన నరైన్ కార్తికేయన్ కూడా వాటిలో తోలినవాడే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయం ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. ఈలోగా మద్రాసు క్లబ్బు చోళవరం వదిలి, శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు.

ఆ ట్రాక్ మీద తోలతానని మా మేనల్లుడి కొడుకు ఈమధ్య ఒక పాత మారుతి 800 కొన్నాడు. శ్రీసిటీలో ఉద్యోగం, చేతిలో నాలుగు రాళ్ళు. వెనక సీటు పీకేశాడు, కార్పెట్లు పీకేశాడు, ఏసీ విప్పి మూలన పడేశాడు. అక్కడిదాకా బాగానే ఉంది, నేను కూడా మెచ్చుకున్నా. తర్వాత ఫోనులో బొమ్మ చూపించాడు.

"తాతా, 195/50 ఆర్15 వేద్దామనుకుంటున్నా. అదిరిపోద్ది."

"ఏందిరా అదిరేది? కారా, మడ్‌గార్డా?"

"గ్రిప్పు తాతా. ఎంత లావు ఉంటే అంత రబ్బరు నేలకు ఆనుద్ది కదా."

ఆనదు. ఇదే అసలు గొడవ. వాణ్ణి కూర్చోబెట్టి షెడ్డు గచ్చు మీద సుద్దతోనే లెక్క వేసి చూపించాను. 800 బరువు 650 కిలోల దాకా. వీడితో కలిపి 720 అనుకుందాం. నాలుగు చక్రాలకు పంచితే ఒక్కోదానికి 180 కిలోలు. టైరులో 28 పౌండ్ల గాలి ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు రెండు కిలోల ఒత్తిడి, ఆ 180 కిలోలను మోయడానికి 90 చదరపు సెంటీమీటర్ల రబ్బరు నేలకు ఆనితే చాలు. మన అరచేయి కంటే కాస్త చిన్నది. బరువును మోసేది గాలి. అదే బరువు, అదే గాలి ఉన్నప్పుడు 145 వేసినా 195 వేసినా ఆ 90 ఇంచుమించు 90గానే ఉంటది. మారేది ఆకారం. సన్న టైరులో అది నిడివిగా ఉంటది, లావు టైరులో అడ్డంగా, పొట్టిగా.

ఆకారం మారితే లాభం లేదా అంటే, ఉంది. మలుపులో అడ్డంగా ఉన్న ముద్ర గట్టిగా నిలబడుద్ది, స్టీరింగు తిప్పగానే కారు జవాబిస్తుంది. అది కాదని ఎవరూ అనరు. పైగా రబ్బరు మనం బళ్ళో చదువుకున్న రాపిడి సూత్రానికి లొంగదు. దాని మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుద్ది. మలుపులో లోపలి చక్రాల బరువు చాలావరకు బయటి చక్రాల మీదికి పోతుంది కదా, బరువైన కారులో ఆ బయటి టైరు మీద పడే భారానికి సన్న రబ్బరు చేతులెత్తేస్తుంది. అందుకే బరువు బండికి లావు టైరు మందు. తేలిక బండికి ఆ జబ్బే లేదు, మందెందుకు?

టైరు పక్కగోడ మీద సైజు తర్వాత ఒక చిన్న అంకె ఉంటది. ఎవరూ చూడరు. 800కు వచ్చే 145/70 ఆర్12 మీద 69 అని ఉంటది. దానర్థం ఆ టైరు 325 కిలోలు మోయగలదని. వీడు అడిగిన 195/50 ఆర్15 మీద 82 ఉంటది, 475 కిలోలు. దాని మీద మనం పెట్టేది 180. పెళ్ళి గుండిగ తెచ్చి ఇద్దరికి అన్నం వండుకోవడం అంటే ఇదే. గుండిగ వేడెక్కేసరికి ఆకలి చచ్చిపోద్ది.

వేడి మాట ఉత్తినే అనలేదు. రేసు రబ్బరు, సగం రేసు రబ్బరు చల్లగా ఉన్నప్పుడు చెక్కే. 80 డిగ్రీలు దాటాక గానీ దానికి జిగురు రాదు. ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? రబ్బరు నలగడం నుంచి. నలగాలంటే బరువు పడాలి. నలగని టైరు వేడెక్కదు, వేడెక్కని టైరు పట్టదు. లావు టైరేమో చుట్టూ గాలి తగిలి ఇంకా చల్లారుతుంది. మన రోహిణీకార్తె ఎండలో తారు కాలిపోతుంటుంది కాబట్టి ఈ బాధ సగం తగ్గుద్దనేది నిజమే. చలి దేశాల వాళ్ళు రాసిన లెక్కలు తెచ్చి మన తారుకు అంటించకూడదు. కానీ రేసులు మిట్టమధ్యాహ్నం మాత్రమే జరగవు కదా, తెల్లారి ప్రాక్టీసు ఉంటది, వాన పడిన మర్నాడు ఉంటది.

ఇక చుట్టుకొలత. ఇది చెబితే వాడి మొహం మొదటిసారి మారింది. పాత టైరు ఎత్తు 508 మిల్లీమీటర్లు. 15 అంగుళాల రిమ్ము 381, దానికి కిందా పైనా 195లో సగం, అంటే 97న్నర చొప్పున కలిపితే కొత్తది 576. అంటే చక్రం 13 శాతం పెరిగింది. ఇంజను చక్రాన్ని ఒక చుట్టు తిప్పడానికి అంత ఎక్కువ ముక్కాలి. ఆ ఇంజనుకు ఉన్నదే నలభైకి లోపు గుర్రాలు, మూడు సిలిండర్లు, 796 సీసీ. మూడో గేరులో పోయే మలుపు ఇప్పుడు రెండో గేరు అడుగుద్ది, రెండులో పోయేది మూలుగుద్ది. మీటరు 60 చూపిస్తుంటే కారు 68లో ఉంటది. పోలీసుకు ఫైను కట్టాలన్నా ఇది చాలు.

బరువు కూడా చూద్దామని మా కాటా మీద పెట్టి చూపించాను. పాత చక్రం, టైరుతో కలిపి. పక్కన ఎవరిదో పదిహేనంగుళాల అలాయ్, లావు టైరుతో. ఒక్కోదానికి ఐదారు కిలోల తేడా. సీటు పీకి, కార్పెట్టు పీకి తగ్గించిన బరువును వీడు చక్రాల రూపంలో మళ్ళీ ఎక్కిస్తున్నాడు. అది కూడా తిరిగే బరువు, స్ప్రింగుల కింద ఎగిరే బరువు. సీటు కింద ఉన్న కిలో ఊరుకుంటది. చక్రంలో ఉన్న కిలోను యాక్సిలరేటరు తొక్కిన ప్రతిసారీ తిప్పాలి, బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆపాలి, గతుకు వచ్చిన ప్రతిసారీ పట్టుకోవాలి. 800కు పవర్ స్టీరింగు కూడా లేదు. రిమ్ము బయటికి జరిగితే స్టీరింగు బరువెక్కుద్ది, హబ్ బేరింగులు ఏడుస్తాయి. నా షెడ్డుకు అటువంటి బేరింగులే ఎక్కువ వస్తాయి. నాకేం, డబ్బులే.

రిమ్ము సంగతి ఇంకా అన్యాయం. 195/50కు కనీసం ఐదున్నర అంగుళాల రిమ్ము ఉండాలి. కొందరు ఉన్న సన్న రిమ్ము మీదే లావు టైరు ఎక్కిస్తారు. టైరు బుగ్గలు ఉబ్బి, బటను మధ్యలో ఉబికి, అంచులు నేలకు ఆనవు. వెడల్పుకు డబ్బిచ్చి సగం వెడల్పు మీద తోలుకుంటారు. రేసు కారుకు టైరు ఎంత లావని అడిగే ముందు రిమ్ము ఎంతని అడగాలి. సన్న టైరుకు కాస్త విశాలమైన రిమ్ము ఇస్తే పక్కగోడ నిలబడుద్ది, మలుపులో దొర్లదు. ఇది లావు టైరుతో వచ్చే లాభాన్ని సగం ధరకు ఇచ్చే ఉపాయం. అయినా ఎవరికీ నచ్చదు, ఎందుకంటే ఫొటోలో కనబడదు.

మాది ఈశాన్య రుతుపవనాల తీరం. మిగతా రాష్ట్రంలో వానలు తగ్గాక మాకు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం ఎప్పుడు వస్తుందో తెలియదు, తడ దగ్గర హైవే మీద నీళ్ళు నిలబడతాయి. పొట్టిగా, అడ్డంగా ఆనే టైరు ముందు నీళ్ళు పక్కలకు పోలేవు, టైరు నీటి మీదికి ఎక్కేస్తుంది. తేలిక కారైతే ఇంకా తొందరగా ఎక్కుద్ది, దాన్ని కిందికి అదిమే బరువు లేదు కదా. అప్పుడు స్టీరింగు చేతిలో బొమ్మలాగా తిరుగుద్ది. ట్రాక్ మీదికి పోవాలన్నా ఈ కారు రోడ్డు మీదే పోవాలి. ట్రైలరు మీద ఎక్కించుకుపోయే దొరలు వేరు.

వెడల్పు కచ్చితంగా పనికొచ్చే చోటు మాకు ఒకటుంది, ఇసక. మైపాడు బీచిలో ఆదివారం సాయంత్రం పోతే ఏదో ఒక జీపు కూరుకుపోయి ఉంటది. చుట్టూ పదిమంది తోస్తుంటారు, ఒకడు వీడియో తీస్తుంటాడు, చివరికి చేపలోళ్ళ ట్రాక్టరు వచ్చి లాగుద్ది. ఆ జీపుకు లావు టైర్లే ఉంటాయి, చూడండి. గాలి మాత్రం రోడ్డు మీద ఉన్నంతే ఉంటది. సగం గాలి వదిలితే టైరు పరుచుకుంటుంది, ముద్ర పెరుగుద్ది, బండి తేలుద్ది. ఆనే రబ్బరును నిర్ణయించేది గాలి అని ఇందాక గచ్చు మీద వేసిన లెక్కే ఇక్కడ కళ్ళ ముందు కనబడుద్ది. ఖర్చు లేదు, అగ్గిపుల్ల ఉంటే చాలు వాల్వు నొక్కడానికి. వాళ్ళకు ఆ మాట చెబితే నన్ను పైనుంచి కిందికి చూస్తారు.

పెద్దవాళ్ళ ఆటలో కూడా లావు వచ్చింది, పోతోంది. ఫార్ములా వన్‌లో 2017లో వెనక టైరును 325 నుంచి 405 మిల్లీమీటర్లకు లావు చేశారు. కార్లు బరువెక్కాయి, ఏనుగుల్లాగా తిరిగాయి. 2026కు మనసు మార్చుకుని ముందు టైరు 25, వెనక టైరు 30 మిల్లీమీటర్లు సన్నం చేసి, కారు బరువును కూడా 768 కిలోలకు దించారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ పరుగులు పెట్టినప్పుడు టీవీలో చూశాను. అవి కరెంటు కార్లు, చప్పుడు లేదు, నాకు నచ్చలేదు. కానీ టైర్లు నచ్చాయి. నున్నటి స్లిక్కులు కాదు, బటనున్న టైర్లు, ఎండకూ వానకూ అవే. పట్టు తక్కువైనా ఫరవాలేదు, నేర్పుతో తోలండని డ్రైవర్లకు వదిలేశారు. మా చోళవరం పద్ధతే.

ఇప్పటి వాళ్ళకు లేనిది మాకేదో ఉండేదని కాదు నా ఏడుపు. రబ్బరు విషయంలో వీళ్ళు రాజులు. మేం కలలో కూడా చూడని జిగురు ఇవాళ 155 టైరులో దొరుకుద్ది. మా 5.20 క్రాస్‌ప్లై పక్కన దీన్ని పెడితే పోలికే లేదు. ఏడుపల్లా, ఇంత మంచి రబ్బరు చేతికొచ్చాక కూడా దాని రకం అడగకుండా దాని లావు అడగడం మీదే. అదే డబ్బుతో మెత్తటి సన్న టైరు వేస్తారా, గట్టి లావు టైరు వేస్తారా అంటే పదిమందిలో తొమ్మిదిమంది రెండోదాని వైపే పోతారు. ట్రాక్ మీద మొదటిది ముందుంటది.

మరి ఎప్పుడు లావు వెయ్యాలి? టైరే అడిగినప్పుడు. మూడు నాలుగు రౌండ్లు గట్టిగా తోలాక కారు మలుపుల్లో జిడ్డు మీద పోయినట్టు జారడం మొదలుపెడితే, అరచేయి పెట్టలేనంతగా టైరు వెడల్పంతా కాలుతుంటే, అంచులు చిట్లి నల్లటి పొరలు లేస్తుంటే, గాలి సరిచేసినా మారకపోతే, అప్పుడు ఒక్క మెట్టు ఎక్కాలి. 155 నుంచి 165కు. 195కు కాదు. ఇంజను మార్చి వంద గుర్రాలు పెడితే అప్పుడు లెక్క మళ్ళీ మొదలు. ముందు చక్రాలే లాగి, ముందు చక్రాలే తిరిగే కారు కాబట్టి ముందు టైరు సంగతే ముందు చూడాలి. వెనక టైరు వెంట వస్తుంది, అంతే.

మా వాడికి చివరికి 155/65 ఆర్13 దగ్గర కుదిర్చాం. పాత ఆల్టో కే10కు వచ్చిన సైజే. నిజానికి నాకు 12 అంగుళాలే ఇష్టం గానీ ఆ సైజులో ట్రాక్‌కు పనికొచ్చే మెత్తటి రబ్బరు మన బజారులో దొరకదు. ఎంత గొప్ప లెక్క వేసినా దొరకని టైరు వేసుకోలేం. 13లో అయితే నాలుగు కంపెనీలు ఉన్నాయి. ఎత్తు 532 వస్తుంది, పాతదాని కంటే ఐదు శాతం లోపే ఎక్కువ, ఇంజను ఓర్చుకుంటుంది. ఐదంగుళాల రిమ్ములు పాతవి దొరికాయి, ఇనుపవే. వాడికి అవి నచ్చలేదు. నల్ల రంగు కొడితే కనబడవులే అన్నా. చల్లగా ఉన్నప్పుడు 26 గాలి పెట్టి మొదలుపెట్టి, రౌండ్లు పోయి వచ్చాక చూసుకోమన్నా. సుద్దముక్కలు రెండు డాష్‌బోర్డులో వేశాను. "మీటరు ఉంది తాతా" అన్నాడు. ఉండనీ.

టైర్లు కొనడానికి నెల్లూరులో ఒక షాపుకు పోయాం. కుర్రాడు నాలుగు టైర్లు దొర్లించుకొచ్చి, "కొత్త స్టాకు సార్, నిన్ననే దిగింది" అన్నాడు. పక్కగోడ మీద గుండ్రటి గళ్ళో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకుని చదివాను. 2319. అంటే 2019లో ఇరవై మూడో వారం. నిన్న దిగింది లారీలోంచి అయ్యుంటది గానీ, ఫ్యాక్టరీలోంచి దిగి ఏళ్ళు గడిచాయి. రబ్బరు వాడకపోయినా గోడౌను వేడికి గట్టిపడుద్ది, ట్రాక్ మీద అది రాయి. గోరుతో గిచ్చి చూపించాను. కుర్రాడు ఈ ముసలాయన మొహం ఒకసారి, ఆ అంకెలు ఒకసారి చూసి, లోపలికి పోయి సేటుతో ఏదో మాట్లాడి వేరే నాలుగు తెచ్చాడు. అవి ఈ ఏడాదివే. ధర మాత్రం రూపాయి తగ్గించలేదు, బిగించడానికి, బ్యాలెన్సింగుకు వేరే వేశాడు.